చెంచురామయ్య క్యాంపులో డప్పు

కమలమ్మ ఎడమ చెయ్యి మోచేతి దగ్గర పూర్తిగా వంగదు. ఆదివారం ప్రార్థనలో పాటల పుస్తకం ఒక్క చేత్తోనే పట్టుకుంటుంది. కొత్తవాళ్లెవరైనా సాయం పట్టబోతే, "వద్దమ్మ, ఇది కోర్టు పనిల పోయింది. దేవుని పనికి ఒక్కటి సాలు" అంటుంది. పక్కనున్నవాళ్లు నవ్వుతారు. ఆ చెయ్యి ఎట్లా పోయిందో తెలిసినవాళ్లు మాత్రం నవ్వరు.

నిజామాబాదు జిల్లా కోర్టులో ఆమె సిరస్తదారుగా పనిచేసింది. అంటే గుమాస్తాలందరికీ పెద్ద. జడ్జి ముందుకు పోయే ప్రతి అర్జీ ముందు ఆమె కళ్ల కింద నుంచి పోవాలి. అందులో ఎక్కువ చిక్కు వీలునామాలది. చచ్చిపోయిన మనిషి రాసిపెట్టిన మాట నిజంగా ఆ మనిషిదేనా అని కోర్టు తేల్చి, ముద్ర వేసి, బతికున్నవాళ్ల చేతికి ఇవ్వాలి. చూడటానికి మెత్తటి కాగితాలు. అన్న తమ్ముణ్ణి నరికితే ఆ కేసు ఫౌజుదారీ కోర్టుకు పోతుంది. ఆ గొడ్డలి లేవడానికి కారణమైన కాగితం అంతకుముందు ఏడాదే కమలమ్మ బల్ల మీదికి వచ్చిపోయి ఉంటుంది. వేల్పూరు దిక్కు ఒక పసుపు రైతు కొడుకులు తల్లి శవం పక్కన కూర్చుని ఆమె బొటనవేలికి సిరా పూశారు. ఆ సిరా కడగడం మరిచిపోయి స్నానం చేయించారు. స్నానం చేయించిన చాకలామె కోర్టుకు వచ్చి చెప్పింది. తిరిగి పోయే దారిలో ఆమెకు రెండు పళ్లు రాలగొట్టారు. ఇట్లాంటివి కమలమ్మకు కొత్త కాదు.

ఆమె తండ్రి సీమోను డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో పుండ్లు కడిగి కట్లు కట్టే పని చేసేవాడు. తల్లి రాములవ్వ. మిషను బోర్డింగులో చదివి, టైపు నేర్చుకుని, కమలమ్మ మొదట ఒక తాలూకా కోర్టులో నకళ్లు రాసే గుమాస్తాగా చేరింది. ఆ ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. చేరిన వారంలోనే ఒక పెద్ద గుమాస్తా, "నీళ్ల కుండ ముట్టకమ్మా, నీకు బయట నల్లా ఉంది" అన్నాడు. కమలమ్మ కుండను రెండు చేతులా ఎత్తి, వరండాలోకి తీసుకుపోయి, మెట్ల మీద పగలగొట్టింది. "ఇగ అందరం నల్లా కాడనే తాగుదం సార్" అంది. దానికి మెమో వచ్చింది. మెమోకు జవాబు రాసింది. కొత్త కుండ మాత్రం రాలేదు.

పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరన్నా అడిగితే రాములవ్వే జవాబు చెప్పేది: "దాన్ని సూసి మొగపోరలు జడ్జి అనుకొని దండం పెట్టి పోతుండ్రు."

నర్సవ్వ అర్జీ ఆమె బల్ల మీదికి వచ్చింది 1991 చలికాలంలో. బోధన్ చుట్టూ చెరుకు కొట్టే రోజులు.

నిజాంసాగర్ కాలువ కింద కోస్తా నుంచి వచ్చి భూములు కొన్న రైతుల ఊళ్లను ఇక్కడ క్యాంపులు అంటారు. మొదట వచ్చిన మనిషి పేరే ఊరి పేరు. చెంచురామయ్య క్యాంపు అట్లాంటిదే. చెంచురామయ్య పోయి చాలా ఏండ్లయింది. పిల్లలు లేరు. ఆయన భార్య హనుమాయమ్మ ఆ ఏడు వానాకాలంలో పోయింది. పోయేముందు ఒక వీలునామా రిజిస్టరు చేయించింది. అందులో ఆమె మాటలు ఇవి: "మా పాలేరు సాయిలు దిగువ రాసిన చెరుకు భూమి బోదె పక్కన, నీళ్ల వంతు వేళ నిద్రపోయినాడని నా భర్త చెంచురామయ్య పారతో తల మీద కొట్టగా చనిపోయినాడు. తాగి కాలువలో పడినాడని అందరికీ చెప్పినారు. గట్టు మీద అన్నం గిన్నెతో నిలబడి నేను కళ్లారా చూసినాను. చూసి నోరు మూసుకున్నాను. కాబట్టి కాలువ కింద నా పేరున ఉన్న మూడెకరాల చెరుకు భూమి సాయిలు భార్య నర్సవ్వకు చెందవలెను."

సాక్షి సంతకాలు రెండు. ఒక సాక్షి చనిపోయాడు. రెండో సాక్షి అదే క్యాంపులో హనుమాయమ్మ పక్కింటి సీతమ్మ.

కమలమ్మ ఆ కాగితం చదివి కళ్లద్దాలు తీసింది. బల్లకు అవతల వకీలు దేవిదాస్, ఆయన వెనక నర్సవ్వ. నర్సవ్వ చేతుల నిండా చెరుకు ఆకు కోసిన గీతలు.

"మూడెకరాలు, కాలువ పారకం. తెలుసు గద, ఊకనే ఇయ్యరు" అంది కమలమ్మ.

"భూమి ఇస్తే ఇయ్యిండ్రి, లేకుంటే లేదు అమ్మ. నాకు భూమి గురించి కాదు. మా ఆయన కల్లు గుడ ముట్టని మనిషి. గా దినం సంది నన్ను తాగుబోతు సాయిలు పెండ్లాం అంటరు. నా బిడ్డను తాగుబోతు బిడ్డ అంటరు. కొట్టి సంపిండ్రు అని గా ముసలామె రాసింది గదా. అది కోర్టుల నలుగురి ముందట సదువుండ్రి. గంతే నాకు గావాలె."

"రుజువు అయితేనే సదువుతరు."

"ఎట్ల రుజువైతది?"

దేవిదాస్ అందుకున్నాడు. "ముందు వారసునికి నోటీసు అందాలె నర్సవ్వ. చెన్నకేశవరావుకు. ఆయన వచ్చి ఒప్పుకుంటడా, కొట్లాడుతడా, ఆయన ఇష్టం. నోటీసే అందకపోతే కేసు ముందుకు కదలది."

చెన్నకేశవరావు చెంచురామయ్య తమ్ముడి కొడుకు. ముప్పై ఎనిమిదేళ్లవాడు. ఆ మూడెకరాలతో సహా పెద్దమ్మ భూమంతా అప్పటికే అతని చేతిలో ఉంది. పోస్టులో పంపిన నోటీసు తీసుకోలేదు. అమీను వీరస్వామి, అంటే కోర్టు నోటీసులు మోసుకుపోయి చేతికిచ్చే ఉద్యోగి, పోయిన ప్రతిసారీ ఇంట్లో లేడన్నారు. అటువంటప్పుడు కోర్టుకు ఒక పాత పద్ధతి ఉంది. ఊరి నడుమ డప్పు కొట్టించి, నోటీసు పైకి చదివి, గోడకు అంటించి రావాలి. అట్లా చేస్తే నోటీసు అందినట్టే లెక్క. జడ్జి ఆ ఉత్తర్వే ఇచ్చాడు.

డప్పు కొట్టే మనిషి దొరకడం కష్టమైంది. ఆ చుట్టుపక్కల మాదిగవాడల్లో చాలామంది మెథడిస్టు చర్చిలో బాప్తిస్మం తీసుకున్నారు. బాప్తిస్మంతో పాటు డప్పు విడిచిపెట్టారు. దొరల ఇండ్ల ముందు వాయించిన చర్మం ఇక ముట్టమని డప్పును పొయ్యిలో పెట్టినవాళ్లున్నారు. దేవన్న ఒక్కడే విడవలేదు. "ఏసుప్రభువు చెప్పులు తొడుక్కుంటే తప్పులేదు గని నేను తోలు ముడితే తప్పా?" అని పాస్టరునే అడిగిన మనిషి.

వీరస్వామీ దేవన్నా క్యాంపు దగ్గరి కల్వర్టు దాకా పోయారు. అక్కడ చెరుకు ట్రాలీ ఒకటి అడ్డంగా నిలబెట్టి ఉంది. చెన్నకేశవరావు, అతని మనుషులు అయిదారుగురు దాని మీద కూర్చున్నారు.

"ఏరా, మా వీధిలో నిలబడి మా పెదనాన్న హంతకుడని డప్పు కొడతావా?"

వీరస్వామి నోటీసు చాపాడు. "గట్ల లేదు సార్ అండ్ల. కోర్టు పేరు, తారీఖు, పెద్దమ్మ పేరు, గంతే. మీరే సదువుకోండ్రి."

"నువ్వు నాకు చదువు చెబుతావా? ఏం రాయించిందో మా పెద్దమ్మ చచ్చేముందు నా మొహం మీదే చెప్పింది. అదంతా ఇక్కడ గొంతెత్తి చదువుతారు, మేం వినాలి. అంతేగా?"

"లేదు సార్, నోటీసంటే వీలునామా కాదు..."

ఆ మాట పూర్తి కాకముందే వీరస్వామి సైకిలుతో పాటు కాలువలో పడ్డాడు. దేవన్నను నలుగురు పట్టుకున్నారు. డప్పు లాక్కుని గునపంతో పొడిచారు. తర్వాత అతని కుడి చెయ్యి ట్రాలీ అంచు మీద పెట్టి, వెనకాల ఇనుప డాలా, అంటే ట్రాలీ తలుపు, ఎత్తి దాని మీద వేశారు. ఒకసారి వేస్తే వేళ్లు నలిగాయి. రెండోసారి ఎందుకు వేశారో వాళ్లనే అడగాలి. కాలువ నీళ్లలో నిలబడి వీరస్వామి ఆ చప్పుడు విన్నాడు. ఆ తర్వాత దేవన్న అరుపు విన్నాడు. అరుపు కన్నా ఆ చప్పుడే తనను వదల్లేదని చాలా రోజులు చెప్పేవాడు.

కమలమ్మ ఆసుపత్రికి పోయేసరికి దేవన్న మంచం పక్కన ఠాణా మనిషి కూర్చుని ఉన్నాడు.

"ఆదివారం నువ్వు గుడికి పోతవా, చర్చికి పోతవా?"

"రెండిటికి పోత సారు" అన్నాడు దేవన్న. "గుడికి పోతే బయట నిలబెడ్తరు. చర్చిల లోపటికి రానిస్తరు."

"అయితే నువ్వు కిరస్తానీవి. ఎస్సీల మీద దాడుల చట్టం నీకు రాదు. మామూలు కొట్లాట కేసు పెడుత."

కమలమ్మ అంది: "చెయ్యి ఇరగ్గొట్టేటప్పుడు వాళ్లు గీ మాట అడగలేదు సార్. వాళ్లకు ఏ కులపోడో సూడంగనే తెలిసిపోయింది."

ఆయన రాసుకోవడం ఆపలేదు. ఆయన రాసుకున్నది తప్పు కూడా కాదు. మన చట్టం అట్లాగే ఉంది. క్రైస్తవుడైన మాదిగకు ఎస్సీ రిజర్వేషన్ పోతుంది, రక్షణ పోతుంది. మాదిగతనం మాత్రం పోదు. దాన్ని గుర్తుపెట్టుకునే పని ఊరు చూసుకుంటుంది.

వాయిదా రోజు చెన్నకేశవరావు తరఫున ఎవరూ రాలేదు. నోటీసు అందనిదే రావలసిన పని లేదు. జడ్జి దేవిదాస్ వైపు చూసి, ఇదే చివరి అవకాశమని, ఈసారి కూడా నోటీసు అందకపోతే అర్జీ కొట్టివేస్తానని చెప్పాడు. హాలు బయట నర్సవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. "గట్లయితే మా ఆయన తాగి పడ్డట్టేనా?" అని అడిగింది.

ఆ మధ్యాహ్నం వీరస్వామి కమలమ్మ బల్ల ముందు నిలబడ్డాడు. "నన్ను సస్పెండ్ చేయుండ్రి మేడం. పోను. ఆ కల్వర్టు దాటి నేను పోను."

"నిన్నెవరు పొమ్మన్నరు? నేను పోత."

"మీరా? సిరస్తదారు నోటీసు మోసుకొని పోతదా ఎక్కడన్న?"

"పోవద్దని ఎక్కడన్న ఉందా?"

లేదు. జడ్జి మొదట ఇష్టపడలేదు. పోలీసు తోడు ఉండాలని ఠాణాకు రాసి, చివరికి సంతకం పెట్టాడు. ఇంటి దగ్గర రాములవ్వ సంతకం అంత సులువుగా దొరకలేదు.

"నీకు యాభై ఏండ్లు రావట్టె. ఇప్పుడు దండోరా ఏసుడు నేర్సుకుంటవా? మీ తాత డప్పు పొయ్యిల పెట్టిన దినం పాదిరి కొత్త బట్టలు పెట్టిండు. డప్పు ఇడిస్తె మనుషులమైనం అనుకున్న నేను. మల్ల గదే డప్పు ఎనుక పోతవా?"

"డప్పు ముందట పోత అవ్వ. ఎనుక కాదు."

"ముందటున్నోళ్లకే దెబ్బ ముందుగాల తగుల్తది" అంది రాములవ్వ. అని, జొన్నరొట్టె మూట కట్టి ఇచ్చింది.

పోలీసులు వస్తామన్న చోటికి రాలేదు. అద్దె ఆటోలో కమలమ్మ, పక్కన దేవన్న. కుడి చేతికి మెడ దాకా కట్టు. ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన డప్పు ఎడమ భుజానికి. "ఒక్క చేత్తోని కొడుత. సన్నపుల్ల సాలు. కోర్టు డప్పుకు పెండ్లి దరువు గావాల్నా ఏంది?" అన్నాడు. ఆటో కదిలే ముందు వీరస్వామి వచ్చి డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

కల్వర్టు దగ్గర కాపలా ఉంటుందని నర్సవ్వకు తెలుసు. ఆమె దారిలో ఎదురొచ్చి, ఆటోను దూరంగానే ఆపించి, కాలువ కట్ట దిగి, చెరుకు తోటల నడుమ బోదె వెంట నడిపించింది. తల మీదికి ఎదిగిన చెరుకు. ఆకులు మొహాలను కోస్తున్నాయి. ఒకచోట ఆమె ఆగి, చేత్తో చూపించింది. "గీ మూడెకరాలే అమ్మ."

వెనక దిక్కు నుంచి వాళ్లు క్యాంపు నడుమకు వచ్చేసరికి పొద్దు బాగా పైకెక్కింది. దేవన్న డప్పు కొట్టాడు. ఒంటిచేతి దరువు పొడిగా, కట్టె మీద కొట్టినట్టు వినిపించింది. ఇండ్లలోంచి ఆడవాళ్లు బయటికి వచ్చారు. కమలమ్మ కాగితం విప్పి గొంతెత్తింది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఈ క్యాంపు నివాసి, స్వర్గీయ హనుమాయమ్మ గారు రాసిన వీలునామాను రుజువు చేయుటకు జిల్లా కోర్టులో అర్జీ దాఖలైనది. అభ్యంతరము గలవారు వచ్చే వాయిదా నాడు హాజరు కావలెను."

అంతే. సాయిలు పేరు లేదు, చెంచురామయ్య పేరు లేదు. మూడెకరాల మాట కూడా లేదు. ఆమె రెండోసారి చదువుతుండగా కల్వర్టు దిక్కు నుంచి మోటారు సైకిళ్లు వచ్చాయి.

"ముసలిదాని పరువు తీయడానికి ముసలిదాన్నే పంపారా కోర్టు వాళ్లు?" చెన్నకేశవరావు బండి స్టాండు వేయకుండానే దిగాడు. బండి పక్కకు పడిపోయింది.

"నోటీసు అందింది అని సంతకం పెట్టుండ్రి, పోతం" అంది కమలమ్మ.

"సంతకమా? నీ వీపు మీద పెడతాం."

మొదటి దెబ్బ దేవన్నకు పడింది, కట్టు మీదనే. అతను డప్పు మీద బోర్లా పడ్డాడు. డప్పు మళ్లీ చీలింది. వీరస్వామి అతని మీదికి వంగి, "కొట్టకుండ్రి, చెయ్యి పోయినోడు" అని అరిచాడు. చెరుకు గడతో వీరస్వామి నెత్తి పగలగొట్టారు. గడ విరిగితే ఇంకో గడ తీసుకున్నారు. ఆ ఊళ్లో గడలకు కరువు లేదు. కమలమ్మ కాగితాన్ని గోడకు అంటించడానికి పోయింది. ఎడమ చేత్తో కాగితం గోడకు అదిమి, కుడి చేత్తో మైదా జిగురు రాస్తుంటే, జాకీ రాడ్ వచ్చి ఆ ఎడమ మోచేతి మీద పడింది. ఆమె చెయ్యి కిందికి జారింది. కాగితం గోడకే ఉంది. ఎవడో దాన్ని చింపాడు. ఆమె పడిపోయాక పొత్తికడుపులో తన్నారు, మొహం మీద తన్నారు. పై పెదవి చీలింది. "మతం మారితే పెద్దమనుషులైపోతారనుకున్నార్రా మీరు" అని తన్నుతూనే ఎవడో చెబుతున్నాడు, ఏదో పాఠం చెప్పినట్టు.

నర్సవ్వ నడుముకు చెక్కుకున్న కొడవలి తీసి, పరిగెత్తి వచ్చి వేటు వేసింది. జాకీ రాడ్ పట్టినవాడి ముంజేయి తెగి నెత్తురు చిమ్మింది. వాడు రాడ్ వదిలి కేక వేశాడు. మిగతావాళ్లు ఒక్క అడుగు వెనక్కి వేశారు. "ఇంకొక్క దెబ్బ పడితే మెడ కోస్త" అంది నర్సవ్వ. అటు ఇటు కొడవలి తిప్పుతూ కింద పడ్డ ముగ్గురి చుట్టూ తిరిగింది. వీధిలో తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. ఒక్క తలుపు మాత్రం తెరుచుకుంది. సీతమ్మ బయటికి వచ్చింది, వీలునామా మీద సాక్షి సంతకం చేసిన సీతమ్మే. కమలమ్మ చంకల కింద చేతులు వేసి తన అరుగు మీదికి ఈడ్చింది.

"ఆడమనిషిని ఎన్ని దెబ్బలు కొడతార్రా, సిగ్గులేదూ! ఒరే చెన్నయ్యా, మీ పెదనాన్న ఒకణ్ణి చంపితేనే మీ పెద్దమ్మ జీవితాంతం అన్నం సరిగ్గా తినలేదురా. నువ్వు ఎంతమందిని చంపుతావు?"

"నువ్వు లోపలికి పో పిన్నీ."

"పోను. నన్ను కూడా కొట్టు."

కొట్టలేదు. కొట్టకపోవడానికి ఆమె వాళ్ల కులపు ఆడమనిషి కావడమే కారణం. ఆ సంగతి అరుగు మీద నెత్తురు ఉమ్ముతున్న కమలమ్మకూ తెలుసు.

ఈ ప్రాంతంలో కొట్లాటకు ఒక రివాజు ఉంది. కొట్టినవాళ్లే ముందు ఠాణాకు ఉరుకుతారు. ముందు పోయినవాడి ఫిర్యాదు ముందు రాసుకుంటారు; దెబ్బలు తిన్నవాడు ఆసుపత్రి మంచం మీద లేచేసరికి ముద్దాయిగా లేస్తాడు. దీన్ని ఉల్టా కేసు అంటారు. చెన్నకేశవరావు మోటారు సైకిలు లేపి నేరుగా అక్కడికే పోయాడు.

రెండో రోజు ఠాణా మనిషి కమలమ్మ మంచం దగ్గరికి వచ్చాడు. "మీ మీద కేసు అయింది మేడం. మీరే మొదటి ముద్దాయి. కొడవలి పట్టిన ఆమె రెండో ముద్దాయి."

కమలమ్మ మొహం వాచి ఉంది. మాట సరిగ్గా రావడం లేదు. "నేనే మొదటినా?"

"అవును."

"అయితే ఫిర్యాదు నకలు నాకియ్యాలె గద."

ఆయన తెప్పిస్తానన్నాడు. సాయంత్రానికి తెప్పించాడు. దేవిదాస్ మంచం పక్కన నిలబడి చదివాడు. "కోర్టు మనుషులమని చెప్పుకుంటూ కమలమ్మ అనునామె మా క్యాంపు నడిబజారులో డప్పు కొట్టించి, మా పెదనాన్న చెంచురామయ్య గారు సాయిలు అనే పాలేరును పారతో కొట్టి చంపినాడని, అందుకు బదులుగా మా పెద్దమ్మ గారు మూడెకరాలు రాసినదని గట్టిగా చదివి, మా కుటుంబ గౌరవమునకు భంగము కలిగించినారు."

దేవిదాస్ చదవడం ఆపాడు. కమలమ్మ నవ్వబోయింది, కుట్లు వేసిన పెదవి మళ్లీ తెగి, నెత్తురు గడ్డం మీదికి కారింది. నర్సు వచ్చి తిట్టింది. "నవ్వొద్దన్ననా లేదా మేడం?"

"నవ్వకుంటే ఎట్లమ్మ. నేను సదవనిది గూడ ఆయన ఇన్నడు."

చివరి వాయిదా నాడు కోర్టు హాలు నిండింది. చెన్నకేశవరావు ఈసారి వచ్చాడు, కేసు కొట్టివేయడం కళ్లారా చూడటానికి. అతని వకీలు లేచి, తన క్లయింటుకు నోటీసు అందలేదని, క్యాంపులో డప్పు మోగనే లేదని, ఎవరూ ఏమీ చదవలేదని చెప్పాడు. కమలమ్మ మెడకు చెయ్యి వేలాడదీసుకుని తన బల్ల దగ్గరే కూర్చుంది. సెలవు పెట్టమంటే పెట్టలేదు.

దేవిదాస్ ఠాణా ఫిర్యాదు నకలు జడ్జి ముందు పెట్టాడు. జడ్జి ఒక చేతిలో నోటీసు, ఇంకో చేతిలో ఫిర్యాదు పట్టుకుని రెండూ చదివాడు.

"డప్పు మోగిందని మీ క్లయింటే సంతకం పెట్టి చెప్పాడే."

వకీలు తన కాగితాలు తిరగేశాడు. "అది... ఆవేశంలో..."

"సరే. ఈ నోటీసులో సాయిలు పేరు లేదు. పార మాట లేదు. మూడెకరాలు లేవు. మరి ఇవన్నీ మీ క్లయింటు ఎక్కడ విన్నాడు?"

వకీలు నోరు తెరిచేలోగానే వెనక బెంచీలోంచి చెన్నకేశవరావు లేచాడు. "వీలునామాలో ఉంది కదండీ!"

హాలు గొల్లుమంది. బంట్రోతు "చుప్, చుప్" అని అరిచాడు. వకీలు వెనక్కి తిరిగి అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. నోటీసు అందినట్టేనని జడ్జి అప్పటికప్పుడే ఉత్తర్వు రాశాడు.

ఆ తర్వాత సీతమ్మ సాక్ష్యానికి వచ్చింది. వచ్చే దారిలో ఆమె బస్సు మీద రాళ్లు పడ్డాయి. అద్దం ముక్క ఒకటి చెంపలో గుచ్చుకుంది. చీర కొంగు చెంపకు అదిమి పట్టుకునే బోనెక్కింది. "హనుమాయమ్మ నా ముందే సంతకం పెట్టింది. నేనూ పెట్టాను. ఏడ్చుకుంటూ పెట్టాం ఇద్దరం" అంది. ఇక కొట్లాడటానికి అవతలివాళ్ల దగ్గర ఏమీ మిగల్లేదు. వీలునామా రుజువైంది. జడ్జి దాన్ని పైకి చదవమన్నాడు. బెంచి గుమాస్తా చదివాడు. "...పారతో తల మీద కొట్టగా చనిపోయినాడు. తాగి కాలువలో పడినాడని అందరికీ చెప్పినారు..."

నర్సవ్వ బోను పక్కన నిలబడి వింది. చదవడం అయిపోయాక చేతులు జోడించింది. "సారూ, మల్ల ఒక్కపారి."

జడ్జి తల ఊపాడు. గుమాస్తా మళ్లీ చదివాడు, ఈసారి కొంచెం మెల్లగా.

కొట్టిన కేసు ఏమైందని అడుగుతారు. ఏండ్ల తరబడి నడిచింది. క్యాంపులో చూసినవాళ్లెవరూ చూడలేదన్నారు. సీతమ్మ ఒక్కతే చూశానంది. ఒక్కతి చాల్లేదు. కొడవలి దెబ్బకు నర్సవ్వకూ, ఆమెను తీసుకుపోయినందుకు కమలమ్మకూ కేసు నడిచింది. రెండు కేసులూ ఒకే రోజు కొట్టేశారు. చేతులు విరగ్గొట్టినవాళ్లూ విరిగినవాళ్లూ చట్టం ముందు సమానమయ్యారు. దేవన్న కుడి చేతిలో రెండు వేళ్లు మిగిలాయి. ఆ రెంటితో బీడీ పట్టుకోవచ్చని అంటాడు.

కోర్టు ఉత్తర్వుతో నర్సవ్వకు భూమి అప్పగించాల్సిన నాటి తెల్లవారుజామున ఆ మూడెకరాల చెరుకుకు నిప్పు పెట్టారు. పక్క తోటలకు అంటుకోకుండా ముందే జాగ్రత్తగా ఆకు తీసి, హద్దు గీసి మరీ పెట్టారు. కమలమ్మ, వీరస్వామి పోయేసరికి మంట చల్లారింది. నల్లటి గడలు నిలబడి ఉన్నాయి. కింద బూడిద ఇంకా వేడిగా ఉంది. కాలిన చెరుకు రెండు మూడు దినాల్లో గానుగకు పోకపోతే రసం పులిసి ఎందుకూ పనికిరాదు.

నర్సవ్వ అప్పటికే లోపల ఉంది. వాడ నుంచి ఇంకో పదిమంది ఆడవాళ్లు, ఆమె బిడ్డ, అందరి చేతుల్లో కత్తులు. మొహాలన్నీ మసి. కాళ్లకు గోనెపట్టాలు చుట్టుకున్నారు. ఎవరూ ఏడవడం లేదు. కింద నరికి, పైన నరికి, మోపులు కడుతున్నారు.

గట్టు మీద మోటారు సైకిలు వచ్చి ఆగింది. చెన్నకేశవరావు దిగలేదు. ఇంజను ఆపలేదు. కాలిన తోటలో ఏడుపు వినపడుతుందని వచ్చి ఉంటాడు.

నర్సవ్వ నడుము ఎత్తింది. కత్తి ఎడమ చేతికి మార్చుకుని, బోదె పక్కన ఒక చోటుకు నడిచి, అక్కడ నిలబడింది. క్యాంపు ఇండ్ల దాకా వినపడేటట్టు అరిచింది.

"చెన్నకేశవరావూ! మీ పెదనాయిన నా మొగన్ని పారతోని కొట్టిన జాగ గిదే. కోర్టుల రెండుసార్లు సదివిండ్రు. దిగి వచ్చి సూడు!"

అతను బండి తిప్పుకుని పోయాడు. ఇంజను చప్పుడు కల్వర్టు దాటేదాకా ఆమె అక్కడే నిలబడింది. తర్వాత వంగి, ఆ చోటి నుంచే మళ్లీ నరకడం మొదలుపెట్టింది.